తలగడ చెంత తర్కము



జ్వరమును కొలుచుటకు సాధనము కలదు. రక్తపుపోటును కొలుచుటకు యంత్రము కలదు. కాని రోగి ప్రక్కన నిలిచిన నర్సు మనస్సులో జరుగు ఆలోచనను కొలుచుట యెట్లు? ఇందుకై రచింపబడి, పారసీక భాషలోనికి కొనిపోబడిన యొక కొలతను గూర్చి నేడు మీతో ముచ్చటింపదలచితిని.

నేను నర్సులకు చదువు చెప్పుదానను. ఒకనాటి రాత్రి శస్త్రచికిత్స జరిగిన రోగి నాడి మొదట 92, పిదప 104, ఆ పిదప 118 సార్లు కొట్టుకొనెను. రక్తపుపోటు మాత్రము తగ్గలేదు. ఒక విద్యార్థిని యీ అంకెలను చక్కగా వ్రాసి యూరకుండెను. రెండవ యామె అవే అంకెలను రోగి కలతతోను, చేతుల చల్లదనముతోను కలిపి చూచి, లోపల రక్తము స్రవించుచున్నదేమోయని శంకించి వైద్యుని పిలిపించెను. రోగి బ్రతికెను. పరీక్షలలో ఇరువురును సమానముగా మార్కులు పొందినవారే! ఆ రాత్రి వారి నడుమ కానవచ్చిన భేదమునే పారసీకులు ‘ఎస్తెద్లాలె బాలీనీ’ యందురు. ‘బాలీన్’ అనగా తలగడ. తలగడ చెంత చేయు తర్కమని భావము.

2010లో ఆస్ట్రేలియాయందు ట్రేసీ లెవెట్-జోన్స్ మున్నగువారు ఈ తర్కమును ఎనిమిది మెట్ల చక్రముగా వివరించిరి. రోగిని పరికించుటతో అది మొదలై, సూచనల సేకరణము, వాని విచారణము, సమస్య నిర్ణయము, లక్ష్యము, చర్య, ఫలిత పరిశీలనము అను మెట్లను దాటి, జరిగినదానిని నెమరువేసికొనుటతో ముగియును. దాని నాధారముగా గైకొని తైవాను పరిశోధకులు 15 వాక్యముల కొలతను 2016లో ప్రకటించిరి. ప్రతి వాక్యమునకును నర్సు 1 మొదలు 5 వరకు తనకు తానే మార్కు వేసికొనును.

ఈ వాక్యములను పారసీకమున వ్రాసినంతనే కొలత సిద్ధమగునా? కాదు. ఒకరు అనువదించినదానిని, మూలమును చూడని మరియొకరు తిరిగి మూలభాషలోనికి మార్చవలయును. అప్పుడు దాగియున్న దోషములు బయటపడును. నర్సు చేయు నిర్ణయమునకు పారసీకమున ‘ఖెజావత్’ అను మాట కలదు. మన మెఱిగిన ‘ఖాజీ’ పదమునకును దానికిని మూల మొక్కటే. ఆ మాట వినగానే నర్సునకు తన ఆలోచన తోచునో, న్యాయస్థానము తోచునో, ఆమెనే అడిగి తెలిసికొనవలయును.

పిదప నిపుణుల వంతు. 1975లో లాషే చూపిన లెక్క ప్రకారము, పదిమందిలో తొమ్మిదిమంది యొక వాక్యము అత్యవసరమనిన దాని విలువ 0.80, ఎనిమిదిమంది యనిన 0.60. పదిమందికి విధించిన హద్దు 0.62. కావున ఒక్క నిపుణుని మాటతో వాక్యము నిలుచును, లేక తొలగును! అటుపిమ్మట అనేకులగు నర్సులచే పూరింపించి, వాక్యములు ఒకదానితో నొకటి పొందికగా నున్నవో లేవో చూతురు. 1951లో క్రోన్‌బాక్ వివరించిన ఆల్ఫా దీనికి గుర్తు, అది 0.70కు తగ్గరాదని వాడుక. కొన్నాళ్లకు వారినే మరల అడిగి, జవాబులు నిలుకడగా నున్నవో లేవో పరీక్షింతురు.

ఇంతచేసినను ఒక చిక్కు మిగులును. తన్ను తాను తగ్గించుకొని పలుకుట పారసీకుల మర్యాద. దానిని ‘షెకస్తె నఫ్సీ’ యందురు. వినయవతియగు నర్సు తనకు 3 వేసికొనవచ్చును. తెలియనితనముచే ధైర్యముగల యామె 5 వేసికొనవచ్చును. ఆ రాత్రి అంకెలు వ్రాసి యూరకున్న బాలిక తనకెంత వేసికొనియుండెడిదో నే నెఱుగను. అందుచే ఈ కొలత యెవరి యుద్యోగమునైనను నిర్ణయించు త్రాసు కారాదు. ఏ మెట్టుకడ శిష్యురాలు తడబడుచున్నదో గురువునకు చూపు దీపము కావలయును.

మన నర్సులు ఇంగ్లీషున చదివి, తెలుగున రోగిని పలుకరించుచున్నారు. ఇట్టి కొలతను మన భాషలోనికి తేదలచినవారు నిఘంటువును మాత్రమే నమ్మక, రాత్రి వార్డులో మేలుకొనియున్న యామెను ముందుగా అడుగుదురు గాక!