కర్గీ రోడ్‌లో దిగితే ‘జనరల్’



నా తెలుగులో హిందీ తగులుతుంది, ఏమనుకోకండి. బిలాస్‌పూర్ రైల్వే క్వార్టర్లలో పెరిగినవాణ్ణి. తెలుగు అక్షరాలు అమ్మ నేర్పింది. కాలేజీ జీవితం గురించి మాట్లాడమన్నారు. నా కాలేజీ జీవితం సగం బండిలోనే గడిచింది, అక్కణ్ణుంచే మొదలుపెడతాను.

బిలాస్‌పూర్ నుంచి కట్నీ వైపు లైన్లో ఉస్లాపూర్, ఘుట్కూ, కల్మీటార్ దాటాక కర్గీ రోడ్ వస్తుంది. స్టేషన్ పేరు అది, ఊరి పేరు కోటా. బిలాస్‌పూర్‌లో సీటు దొరకని నాలాంటివాళ్లు అక్కడికి బీఏకి వెళ్లేవాళ్లు. ప్యాసింజర్ ఆలస్యమైతే మొదటి పీరియడ్ పోయినట్టే. 1946లో బాబాసాహెబ్ బొంబాయిలో సిద్ధార్థ కాలేజీ తెరిచినప్పుడు, ఉద్యోగాలు చేసుకుంటూ చదివేవాళ్ల కోసం పొద్దున్నే క్లాసులు పెట్టించారు. మా దగ్గర బండి టైము చూసి క్లాసు పెట్టాలని ఎవరికీ తోచలేదు.

బండిలో నా జోడీ ఒక సత్నామీ కుర్రాడు. డబ్బాలో బాసీ తెచ్చుకునేవాడు. బాసీ అంటే మన చద్దన్నమే. ఉల్లిపాయ, పచ్చిమిర్చి కూడా అవే. ఇద్దరం ఒకే డబ్బాలో తినేవాళ్లం. ఇది ఎందుకు చెప్తున్నానంటే, మా కాలనీలో తెలుగువాళ్లు శ్రీరామనవమికి పందిరి వేస్తే వంట దగ్గరికి మా ఇంటివాళ్లని రానిచ్చేవారు కాదు.

మొదటి ఏడాది స్కాలర్‌షిప్ ఫారంతో పాటు శ్రీకాకుళం ఎస్సీ సర్టిఫికెట్ పెట్టాను. కౌంటర్లో ఆయన తిప్పి చూసి, “ఇది ఇక్కడ చెల్లదు, జనరల్ అని రాయి” అన్నాడు. అదే ఊరి సర్టిఫికెట్‌తో మా నాన్నకి రైల్వేలో ఎస్సీ కోటాలో ఉద్యోగం వచ్చింది. కులం మా తాతతో పాటే బండెక్కి వచ్చింది. కాగితం మాత్రం రాలేదు.

ఆ గుమస్తా తప్పేమీ లేదని తర్వాత చదివి తెలుసుకున్నాను. ఎస్సీ జాబితా రాష్ట్రాలవారీగా ఉంటుంది. తెనాలిలో పుట్టి, తండ్రి ఉద్యోగం వల్ల చిన్నప్పుడే బొంబాయి చేరిన మర్రి చంద్రశేఖరరావు మెడికల్ సీటు కేసులో 1990లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఇదే చెప్పింది: వలస వెళ్లినవాడికి సొంత రాష్ట్రపు హోదా కొత్త రాష్ట్రంలో రాదు. 2018లో బీర్ సింగ్ కేసులో మళ్లీ అదే మాట. దీనికి లెక్క 1950 ఆగస్టు 10, అంటే రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చిన రోజు నాటి శాశ్వత నివాసం. మా తాత ఆ తర్వాత వచ్చాడు. ముందే వచ్చినవాళ్లదీ సుఖం కాదు, రుజువు కావాలి. క్వార్టర్లో బతికిన గ్యాంగ్‌మన్‌కి భూమి కాగితం ఎక్కణ్ణుంచి వస్తుంది?

కేంద్ర సంస్థల్లో ఈ అడ్డు లేదు. గురు ఘాసీదాస్ విశ్వవిద్యాలయం 2009లో కేంద్రీయ విశ్వవిద్యాలయమైంది. ఎంఏకి అక్కడ ఎస్సీగానే చేరాను. కోటాలో జనరల్, బిలాస్‌పూర్‌లో ఎస్సీ. మధ్య దూరం ముప్పై కిలోమీటర్లు.

దీన్ని అన్యాయం అని ఒక్క మాటలో తేల్చేయడం నాకు సులువు కాదు. ఒకసారి నా సత్నామీ మిత్రుడే అడిగాడు: “బయటివాళ్లందరికీ ఇస్తే మా సీట్లు ఏమవుతాయి భాయ్?” కోర్టు చెప్పిన కారణాల్లో ఇదీ ఒకటి. బయట నుంచి చదువుకుని వచ్చిన కుటుంబాలు ఊళ్లో కూలివాడి కొడుకు వాటా తినేయకూడదు. ఒప్పుకుంటాను.

కానీ సీటు వేరు, స్కాలర్‌షిప్ వేరు. పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ 1944లో మొదలైంది. ఇవాళ అందులో పెద్ద వాటా కేంద్రానిదే. అది నాకిస్తే ఎవరి సీటూ తగ్గదు. విద్యార్థి ఏ రాష్ట్రానికి చెందితే ఆ రాష్ట్రమే ఇవ్వాలని నియమం. ఆంధ్రలో అడిగితే “మీరు ఇక్కడ ఉండటం లేదు కదా” అన్నారు, ఛత్తీస్‌గఢ్‌లో “మీరు ఇక్కడి ఎస్సీ కాదు” అన్నారు. రెండు రాష్ట్రాల మధ్య పడిపోయిన ఇలాంటి పిల్లలకి స్కాలర్‌షిప్పూ హాస్టలూ కేంద్రమే నేరుగా ఇవ్వాలి. మనం అడగాల్సింది ఇది. ఖరగ్‌పూర్‌లో, నాగ్‌పూర్‌లో ఉన్న తెలుగు రైల్వే కాలనీల నుంచి వచ్చినవాళ్లు ఈ హాల్లో ఉంటే, మీ ఇళ్లలో ఎంతమంది ఫారం మీద జనరల్ అని రాశారో చెప్పండి. నా దగ్గర ఒక కాలనీ లెక్కే ఉంది.

రెండో ఏడాది నా పరీక్ష ఫీజు ఆ సత్నామీ కుర్రాడే కట్టాడు, తన స్కాలర్‌షిప్ డబ్బుతో. తిరిగి ఇస్తానంటే ఇప్పటికీ తీసుకోవడం లేదు.

జై భీమ్.