బడికొక గీత, ఇంటికొక గీత

బడి కట్టవలెనన్నను, స్వల్పాదాయము గలవారికి ఇండ్లు కట్టవలెనన్నను, చేత ధనము చాలని నగరము అప్పు తేవలసినదే. అట్టి అప్పునకు వ్రాసి యిచ్చు ఋణపత్రమునే వాడుకలో బాండు అందురు. మన హైదరాబాదు మహానగర పాలక సంఘము 2018 ఫిబ్రవరిలో 200 కోట్ల రూపాయలను నూటికి 8.9 వడ్డీకి ఇట్లే తెచ్చి రహదారులకు, వంతెనలకు వినియోగింప బూనినది. ఈ అప్పు చేయుదుమా, మానుదుమా యని ఇంటిపన్ను కట్టువారి ఓటు ఎవ్వరును కోరలేదు. మన దేశమున అట్లు కోరు ఆచారము లేదు.

అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున కోరుదురు. శాన్‌హోసే, ఫ్రీమాంటు, సన్నీవేలు ప్రాంతములలో మన తెలుగు కుటుంబములు ఎన్నియో స్థిరపడియున్నవి గనుక, మీలో కొందరికి ఇది బిడ్డల ఇంటి సంగతియే. అచట బడుల నిర్వహణకు ప్రత్యేకముగా ఎన్నికైన పాలకవర్గములు గల జిల్లాలున్నవి. అట్టి జిల్లా గాని, నగరము గాని ఆస్తిపన్ను నుండి తీర్చు బాండ్లను అమ్మదలచినచో, ముందుగా ఆ ప్రతిపాదనను ఓటర్ల యెదుట పెట్టవలెను.

ఎందరు ఔనన్న చాలును? చిక్కంతయు ఇచ్చటనే యున్నది. స్థానిక ఋణములకు మూడింట రెండు వంతుల ఓట్లు కావలెనని 1879 నాటి రాష్ట్ర రాజ్యాంగము విధించినది. 2000 నవంబరులో 39వ ప్రతిపాదన ద్వారా బడుల విషయమున మాత్రము ఈ గీతను నూటికి 55కు దించిరి. ఆ ప్రతిపాదనకు వచ్చిన ఓట్లు నూటికి సుమారు 53 మాత్రమే యనుట వినోదకరము. రాజ్యాంగ సవరణకు సగము దాటిన చాలును మరి! గీత దించినందుకు ప్రతిగా కట్టుబాట్లు పెట్టిరి. ఏయే కట్టడములకు ధనము వెచ్చింతురో ముందే జాబితా ప్రకటింపవలెను. ఏటేట లెక్కల తనిఖీ జరుగవలెను. పౌరుల పర్యవేక్షక సంఘమును నియమింపవలెను. ఉపాధ్యాయుల జీతములకు ఒక్క డాలరైనను వాడరాదు. మన నగరములు అచటి నుండి గ్రహింపదగినది ఏదైన నున్నచో, అది ఈ కట్టుబాట్లే యని నా అభిప్రాయము.

ఇండ్ల బాండ్లకు మాత్రము పాత గీతయే నిలిచినది. దాని ఫలము చూడుడు. 2016లో శాంటాక్లారా కౌంటీ 95 కోట్ల డాలర్ల ఇండ్ల బాండును ఓటునకు పెట్టగా నూటికి 68కి చేరువగా ఓట్లు వచ్చి, ఎట్లో గట్టెక్కినది. రెండేండ్లకు అదే కౌంటీలోని శాన్‌హోసే నగరము 45 కోట్ల డాలర్లు కోరినది. నూటికి సుమారు 64 మంది ఔననిరి, అయినను ఓడినది. అదే బడి బాండైనచో సునాయాసముగా గెలిచియుండెడిది. ఇండ్లకును గీతను 55కు దింపుదుమా యని 2024 నవంబరులో 5వ ప్రతిపాదన రాష్ట్రమునంతను అడిగినది. నూటికి సుమారు 55 మంది వలదనిరి.

వలదన్నవారందరును జాలిలేనివారని తలపరాదు. బాండు తీర్చుటకు పన్ను కట్టువాడు ఇంటి యజమాని. 1978 నాటి 13వ ప్రతిపాదన ననుసరించి ఇంటి పన్ను విలువ కొన్ననాటి ధరను పట్టి యుండును. ఏటికి నూటికి 2కు మించి పెరుగదు. ప్రక్క ప్రక్కనే ఒకే రీతి ఇండ్లు రెండున్నవనుకొందము. చిరకాలము క్రింద కొన్న ఇంటి పన్ను విలువ నేడు 3 లక్షల డాలర్లు; ఇటీవల కొన్న ఇంటికి 15 లక్షలు. లక్షకు 60 డాలర్ల వంతున బాండు పన్ను పడినచో, మొదటివాడు ఏటికి 180 డాలర్లు, రెండవవాడు 900 డాలర్లు కట్టవలెను. బడియు ఒక్కటే, వీధియు ఒక్కటే! ఇటీవల ఇల్లు కొన్న మన తెలుగువారిలో పలువురు ఈ రెండవ ఇంటివారే. వారిలో వీసాపై నున్నవారికి పన్ను కట్టు బాధ్యతయే గాని ఈ ఓటు హక్కు లేదు.

ఈ రెండు గీతల నడుమ ఒక బడుల జిల్లా చక్కని దారి కనుగొన్నది. శాన్‌ఫ్రాన్సిస్కో చెంతనున్న డేలీసిటీలోని జెఫర్సన్ యూనియన్ ఉన్నత పాఠశాలల జిల్లా, అద్దెల భారము మోయలేని ఉపాధ్యాయులను పోగొట్టుకొనుచుండెను. జీతములకు బాండు ధనము వాడరాదు గదా! అందుచేత 2018లో 3 కోట్ల 30 లక్షల డాలర్ల బాండును కోరి, జిల్లాకు చెందిన స్థలముననే సిబ్బందికి ఇండ్లు కట్ట నిశ్చయించినది. అది బడి బాండు గనుక నూటికి 55 ఓట్లు చాలినవి. 2022లో 122 వాటాల భవనము సిద్ధమై, సిబ్బంది అంగడి ధరకు తక్కువైన అద్దెతో అందు చేరిరి.

ఈ దారి బడి ఉద్యోగులకే గాని ఇతరులకు లేదు. ఆ ఊరి దుకాణములలో పనిచేయువారికి, బస్సులు నడుపువారికి నగరము బాండు ధనముతో ఇండ్లు కట్టదలచినచో, 2024 ఓటింగు పిమ్మటను మూడింట రెండు వంతుల ఓట్లు కూడగట్టుకొనవలసియే యున్నది.