ఎండ కాచిన వేన్నీళ్ళు
(ప్లాటినం జూబిలీ సభలో ప్రధానోపాధ్యాయిని ప్రసంగ పాఠం)



మన కోలారు సీమకు విద్యుత్తు కొత్త కాదు. 1902లోనే శివనసముద్రం నుండి కావేరి జలశక్తి సుమారు 92 మైళ్ళు తీగలపై పయనించి ఇక్కడి బంగారు గనులను చేరింది. ఆ గనులు 2001లో మూతపడ్డాయి. కానీ మన కప్పులపై కురిసే ఎండకు మూత లేదు. దానిని గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను.

పుష్యమాసపు చలి మన పీఠభూమిపై ఎలా ఉంటుందో మీరెరుగుదురు. ఆ రోజులలో మన వసతిగృహపు బాలికలు వంతులవారీగా తెల్లవారకముందే లేచి, అండా క్రింద కట్టెలు రాజేసి అందరికీ వేన్నీళ్ళు కాస్తారు. వంతు వచ్చిన పిల్ల పొగకు ఎర్రబడిన కళ్ళతో తరగతికి వస్తుంది. ఆనాటి ఉదయపు చదువు ఆమెకు లేనట్లే. పదవ తరగతి పరీక్షలు దగ్గరపడే కాలమూ అదే.

సోలార్ హీటరులో గొప్ప రహస్యమేమీ లేదు. గాజుపలక క్రింద నల్లపూత పూసిన రేకు, దానికి అతికిన గొట్టాలు, వాటికి ఎగువన తొట్టి. వేడెక్కిన నీరు తేలికై పైకి పోతుంది. చల్లని నీరు బరువై దిగుతుంది. మన సైన్సు టీచర్లు చెప్పే సంవహనమే ఇది, మోటారు అక్కరలేదు. పగలు కాగిన నీటి వేడిని తొట్టి చుట్టూ ఉన్న ఉష్ణబంధకం మరునాటి ఉదయం వరకు కాపాడుతుంది. 100 లీటర్ల నీటిని 20 డిగ్రీల నుండి 60 డిగ్రీలకు తేవడానికి సుమారు నాలుగున్నర యూనిట్ల కరెంటు కావాలి. ఎండ దానిని ఉచితంగా ఇస్తుంది.

ఒక హెచ్చరిక కూడా చేయాలి. మా ఇంట మొదట పెట్టించిన హీటరు గొట్టాలు బోరునీటి సున్నంతో రెండేళ్ళకే పూడుకుపోయాయి. తప్పు ఎండది కాదు, నీటిని పరీక్షించకుండా కొన్న నాది. శీతల దేశాలవారు గొట్టాలలో నీరు గడ్డకట్టి పగలకుండా, గడ్డకట్టని ద్రవాన్ని వాటిలో తిప్పి, దాని వేడిని మాత్రమే నీటికి అందిస్తారు. నీరు గొట్టాలలోకే పోదు గనుక ఆ పద్ధతి మన ఉప్పునీటికీ పనికివస్తుంది. మబ్బు రోజులకు మాత్రం అండాను అట్టిపెట్టుకోవలసిందే.

జూబిలీ నిధితో స్వాగత తోరణం కట్టించాలని కొందరు పెద్దల సంకల్పం. వారి అభిమానానికి కృతజ్ఞురాలిని. అయినా నా విన్నపం ఒక్కటే: తోరణం మరొక ఏడాది ఆగగలదు, పదవ తరగతి పిల్ల ఆగలేదు. ముందు వసతిగృహంపై హీటరు పెట్టిద్దాం. వచ్చే పుష్యమాసంలో ఆ పిల్లల చేతులలో కట్టెలకు బదులు పుస్తకాలు ఉండాలి.

సెలవు.