మ్యూజియం చూడటం కూడా చదువే
(సొసైటీ వార్షిక సభలో చేసిన ప్రసంగం)



ఉర్దూ మీడియం పంతుల్ని గనుక పిల్లల చదువు గురించే నాలుగు మాటలు మనవి చేస్తాను. అయితే ఇది బడి చదువు కాదు, మ్యూజియంలో దొరికే చదువు.

హైదరాబాద్ బాగే ఆమ్‌లో, అదే పబ్లిక్ గార్డెన్స్‌లో, రాష్ట్ర మ్యూజియం ఉన్నది. 1930లో నిజాం ప్రభుత్వం దాన్ని స్థాపించింది. పిల్లలను తీసుకుపోతే లోపల అడుగు పెట్టగానే "మమ్మీ ఎక్కడ సార్?" అంటారు. ఈజిప్టు నుంచి వచ్చిన ఆ మమ్మీని చూసి, పది నిమిషాల్లో బయటికొచ్చి ఐస్‌ఫ్రూట్ బండి దగ్గర చేరతారు. తప్పు వాళ్లది కాదు. చూసే తీరు మనం నేర్పలేదు.

నిజాం కాలపు నాణేలే తీసుకోండి. చార్మినార్ బొమ్మ ఉన్న నాణెంలో ద్వారం మధ్య ఒక అక్షరం ఉంటుంది. "మీమ్" ఉంటే మహబూబ్ అలీ ఖాన్‌ది, "ఐన్" ఉంటే ఉస్మాన్ అలీ ఖాన్‌ది. అలిఫ్ బే వచ్చిన మూడో తరగతి పిల్లవాడు కూడా ఇది చెప్పగలడు. "ఉర్దూ చదివి ఏం లాభం?" అని అడిగేవారికి ఇదొక జవాబు. ఆ ప్రభుత్వం వేసిన నోట్ల మీద ఉర్దూతో పాటు తెలుగు, మరాఠీ, కన్నడం కూడా ఉండేవి. ఒక్క నోటు చూపిస్తే ఆ రాజ్యంలో ఎవరెవరు కలిసి బతికారో పాఠం చెప్పినట్టే.

అక్కడే బౌద్ధ, జైన శిల్పాలున్నాయి, కాకతీయుల శిల్పాలున్నాయి. "అవి మనవి కావు" అని పిల్లలతో అనకండి. 1914లో ఏర్పడిన హైదరాబాద్ పురావస్తు శాఖకు మొదటి అధిపతి గులాం యజ్దానీ సాహెబ్. అజంతా చిత్రాల మీద ఆయన రాసిన గ్రంథం నాలుగు భాగాలుగా 1930 నుంచి 1955 దాకా వెలువడింది. పరాయివి అనుకుంటే అంత కష్టపడేవారా?

ఇక బిద్రీ సామాను. జస్తు, రాగి కలిపి పోతపోసి, వెండి పొదిగి, బీదరు కోట మట్టితో నలుపు ఎక్కిస్తారు. అక్కడ అద్దాల వెనుక పెట్టిన అటువంటి పాన్‌దాన్‌నే మన ఇళ్లల్లో పాత సామానువాడికి తూకానికి ఇచ్చేస్తున్నాం. కాగితాల గతీ అంతే. తాతల నాటి సనదులు, ఉత్తరాలు షికస్తా రాతలో ఉండేసరికి చదవలేక రద్దీలో వేస్తున్నాం. తార్నాకలో రాష్ట్ర ఆర్కైవ్స్ మొగలుల నాటి ఫార్సీ కాగితాలను సైతం భద్రపరిచింది. కాగితాలు మిగిలినా, వాటిని చదివేవారు ఏటేటా తగ్గుతున్నారు. నా బాధ అదే.

కాబట్టి సొసైటీకి మూడు విన్నపాలు. 1977 నుంచి మే 18ని అంతర్జాతీయ మ్యూజియం దినంగా జరుపుతున్నారు. అది ఎండాకాలం సెలవుల్లోనే వస్తుంది. నవంబరు 19 నుంచి 25 దాకా ప్రపంచ వారసత్వ వారం. అటువంటి రోజుల్లో మ్యూజియాల్లో ప్రత్యేక ప్రదర్శనలు, ఉపన్యాసాలు, పిల్లలకు పోటీలు పెడుతుంటారు. ఏటా ఒకసారి బస్సు మాట్లాడి పిల్లలను పంపండి. ఆడపిల్లలను, తల్లులను ఇంట్లో వదిలిపెట్టకండి. చదవవచ్చిన పెద్దలకు చూపించకుండా పాత కాగితం ఏదీ పారేయకండి.