తుపానుల శ్రేణీవిభాగము: పాలారు తీరమునుండి ఒక పరిశీలనము

ఎవరి స్మృతికై మనమిచ్చట సమావేశమైతిమో ఆ గురువర్యులు పిల్లలకు భూగోళము బోధించునపుడు, పటముమీది రేఖలకన్న ముందుగా పడమటి కొండలపైకెక్కు మబ్బును చూపుచుండిరి. కావున వారి పేరిట జరుగు ఈ యుపన్యాసమునకు, ప్రచండవాతములను శాస్త్రజ్ఞులు ఏ కొలతలతో శ్రేణులుగా విభజించిరో, ఆ కొలతలు సముద్రమునకు దవ్వుననున్న మనకెంతవరకు ఉపకరించుచున్నవో యను విషయమును గైకొంటిని.

ఈ కొలతలు ఓడలమీద పుట్టినవి. ఆంగ్ల నౌకాదళమున అధికారియైన ఫ్రాన్సిస్ బోఫోర్టు 1805, 1806 ప్రాంతమున గాలిబలమును సున్న మొదలు 12 వరకు మెట్లుగా విభజించెను. అతడు వేగమును కొలువలేదు. ఏ గాలికి ఓడ ఎన్ని తెరచాపలను మోయగలదో దానినే ప్రమాణముగా గొనెను. ఏ చాపయు నిలువజాలని గాలి పండ్రెండవ మెట్టు. వేగపుటంకెలు ఆ మెట్లకు తరువాతి కాలమున చేరినవి. నేలమీదివారు గుర్తింపగల చిహ్నములను, అనగా పొగ వాలుటను, కొమ్మలు విరుగుటను, చెట్లు వేళ్లతో పెకలుటను ఆ మెట్లతో జతపరచినవాడు జార్జి సింప్సను. ఇతడు 1906లో మన దేశపు వాతావరణశాఖలో చేరి పనిచేసినవాడగుట మనకు ప్రీతికరమైన విషయము.

బంగాళాఖాతపు చరిత్ర మన తెలుగు తీరమున దుఃఖముతో వ్రాయబడినది. 1789 డిసెంబరులో కోరంగి రేవును ఉప్పెన ముంచివేసెను. కలకత్తాలో నావికా న్యాయస్థానమునకు అధ్యక్షుడైన హెన్రీ పిడింగ్టను ఓడల దినచర్యపుస్తకములను ఓపికతో సేకరించి, ఈ గాలులు ఒక కేంద్రముచుట్టును సుడి తిరుగుచు సాగుననుటను నావికులకు బోధపరచుచు 1848లో గ్రంథము ప్రకటించెను. 1864 అక్టోబరులో కలకత్తాయు, నవంబరు 1వ తేదీన మచిలీపట్టణమును విధ్వస్తములైనవి. మచిలీపట్టణ ప్రాంతమున ముప్పదివేలమంది మరణించిరని నాటి లెక్క. అటుపిమ్మట రేవులకు హెచ్చరికలు పంపు పద్ధతి బలపడి, 1875లో భారత వాతావరణశాఖ యేర్పడెను. ఆ శాఖ తొలినాళ్లలో హెచ్చరించినది రేవులను, ఓడలను; మన చేనేత మగ్గములను, చెరువుకట్టలను ఎవరు తలచిరి?

నేడు మన శాఖ మూడు నిమిషముల సగటు వేగమును ప్రమాణముగా గొని, గంటకు 31 మొదలు 50 కిలోమీటర్ల వరకు వాయుగుండమనియు, 61 వరకు తీవ్ర వాయుగుండమనియు, 62 నుండి 88 వరకు తుపాననియు, 117 వరకు తీవ్ర తుపాననియు, 166 వరకు అతితీవ్ర తుపాననియు పేర్కొని, ఆపైని మరియొక శ్రేణిని దాటి, 222ను, అంతకు మించినదానిని సూపర్ సైక్లోనని పిలుచుచున్నది. 1999లో ఒడిశాను తాకిన తుపాను ఈ చివరి శ్రేణిలోనిది. అమెరికనులు ఒక నిమిషపు సగటును గొందురు. కావున ఒకే తుపానునకు రెండు దేశములలో రెండు వేగములు పలుకుట కలదు. హెర్బర్టు సాఫిరను ఇంజనీరును, రాబర్టు సింప్సనను శాస్త్రజ్ఞుడును కూర్చిన వారి అయిదు శ్రేణుల పట్టికలో మొదట ఉప్పెన యెత్తును, వాయుపీడనమును కూడ చేర్చియుండిరి. 2010లో వానిని తొలగించి గాలిని మాత్రమే మిగిల్చిరి. ఏలయన, ఉప్పెన ఎత్తు గాలివేగము నొక్కదానినే అనుసరింపదు. సముద్రపు లోతును, తుపాను వైశాల్యమును కూడ అనుసరించును. గాలిని కొలిచిన అంకె నీటిని కొలువజాలదని వారే యొప్పుకొనినట్లయినది.

ఈ మాటయే మన సీమకు మర్మము. సముద్రము దాటి నేలమీదికి వచ్చిన తుపానునకు నీటియావిరి సరఫరా తగ్గి, నేలరాపిడిచే వేగము సన్నగిల్లి, శ్రేణి దిగజారిపోవును; కాని దాని మేఘములలోని నీరు వెంటనే తరుగదు. ఆ మేఘములు కొండలకు తగిలి పైకెగయగా చల్లబడి, పేరు క్షీణించిన తరువాతను కుండపోతగా కురియును.

2021 నవంబరు 19వ తేదీ తెల్లవారుజామున పుదుచ్చేరి, చెన్నై నడుమ తీరము దాటినది కేవలము వాయుగుండము. పట్టికలో అతి క్రింది మెట్లలోనిది. పేరు పెట్టుటకైనను నోచుకోనిది. అంతకు ఎనిమిది దినములముందే మరియొక వాయుగుండము చెన్నైవద్ద తీరము దాటి నేలను తడిపి పోయియుండెను. 19వ తేదీన మన సీమలో కౌండిన్య మహానది గుడియాత్తపు వీధులను ముంచెను. ఆ నదిమీది మోర్ధానా జలాశయము పొర్లెను. పేర్ణంబట్టులో ఇల్లు కూలి నలుగురు పసిపిల్లలతో కూడ తొమ్మండుగురు మరణించిరి. కడప సీమలో చెయ్యేటిమీది అన్నమయ్య జలాశయపు కట్ట తెగెను. పాలారు పొంగును చూచి వృద్ధులు తాము వినిన 1903 నవంబరును తలచుకొనిరి. ఆనాడు చెరువులు తెగి వాణియంబాడి కొట్టుకొనిపోయెను, అందు మృతులైనవారికి అచ్చట స్మారకస్తంభము నేటికిని నిలిచియున్నది.

వేసవిలో మన అరటితోటలను నేలగూల్చు ఈదురుగాలి యీ తుపానులకంటె వేరు జాతిది. గాలి హఠాత్తుగా బోఫోర్టు మెట్లలో మూడింటికి తగ్గకుండ పెరిగి, ఆరవ మెట్టునందుకొని, ఒక నిమిషమైనను నిలిచినచో దానిని ఈదురుగాలిగా పరిగణింతురు. దానికి బలి యగునది ఒక గ్రామము, ఒక తోట. అది వచ్చిన వేగముననే పోవును.

వానకును శాఖవారి కొలతలు కలవు: ఒక దినమున 64.5 మిల్లీమీటర్లు మొదలు భారీ, 115.6 మొదలు అతిభారీ, 204.5 మొదలు అత్యంత భారీ. నా విన్నపమొక్కటే: హెచ్చరికలో వాయుగుండమను మాట వినబడినపుడు ఆ ప్రక్కనే ఈ వాన అంకెయు, చెరువుల నిండుదనమును కూడ పలుకవలయును. కౌండిన్య ఆంధ్రదేశమున పలమనేరు కొండలలో పుట్టి తమిళదేశమున ప్రవహించుచున్నది. కావున పలమనేరున కురిసిన వాన లెక్క, చీకటిపడకమునుపే గుడియాత్తపు నదీతీర వీధులకు తెలుగునను తమిళమునను చేరవలయును.