పాత పడవ మోటారు

గోదావరి ఒడ్డున పుట్టినవానికి తెడ్డు మూడవ చేయి వంటిది. ఖానాపూర్ పరిసరాలలో నీటికి కొదువ లేదు. ఎగువన పోచంపాడు వద్ద శ్రీరాంసాగరం, దాని దిగువన సదర్మాట్ ఆనకట్ట, బాదనకుర్తి వద్ద రెండు పాయలుగా చీలి సాగే గోదావరి, తూర్పున కడెం జలాశయం. ఈ నీళ్ళలో వల వేసుకొని బ్రతికే గంగపుత్రులకు, ముదిరాజులకు తరతరాలుగా భుజబలమే ఇంజను. కాని జలాశయం విశాలమైనది. ఎదురుగాలి వీచిన రోజున వల వేసిన చోటికి చేరేసరికే సగం ప్రొద్దు గడుస్తుంది. అటువంటి సాయంకాలం ఒక ఇంట కొడుకు తండ్రిని అడుగుతాడు: "బాపూ, మనం గూడ ఒక మోటరు తెచ్చుకుందమా?"

కొత్త మోటారు కొనే స్తోమత అందరికీ ఉండదు. ఎక్కడో సముద్రతీరాన వాడి వదిలినది, ఏ విహారపు పడవకో ఉండి అటకెక్కినది చవకగా వస్తున్నదని వార్త తెలుస్తుంది. బేరం ఒక గంటలో ముగుస్తుంది. దాని ఫలితం మాత్రం పదేళ్ళు అనుభవించవలె. అందుచేత అటువంటి మోటారును కొనడం ఎట్లా, కొన్న తరువాత కాపాడుకోవడం ఎట్లా అన్న సంగతిని ఈనాటి ప్రసంగంలో ముచ్చటించదలచినాను.

ముందుగా ఒక అనుభవం. సుమారు పదేళ్ళ క్రితం భాద్రపద మాసంలో జాలరుల జీవితంపై కార్యక్రమానికై ధ్వనిముద్రణ చేయడానికి నేను ఆ ప్రాంతానికి వెళ్ళినాను. ఇద్దరు అన్నదమ్ములు తమ పడవలో నన్ను గోదావరిపైకి తీసుకొనిపోయినారు. పడవకు పాత మోటారు ఒకటి తగిలించి ఉన్నది. కొని నెల కాలేదు. ఆ ఏటి చేపల రాబడి మీద అప్పు తెచ్చి కొన్నారట. అన్న ఉత్సాహంగా మాట్లాడుతున్నాడు, నేను రికార్డు చేస్తున్నాను. నది నడుమకు చేరగానే మోటారు ఒక్కసారి మూలిగి ఆగిపోయింది. తాడు లాగితే కదలలేదు. నీరు మమ్మల్ని దిగువకు తీసుకొనిపోసాగింది. పడవలో ఉన్నది ఒకే తెడ్డు. తమ్ముడు ఆ తెడ్డుతో, అన్న అడుగు పలకతో నీరు తోసి, అర మైలు దిగువన ఒడ్డు పట్టించినారు. ఆ అర మైలు దూరంలో మా ముగ్గురిలో ఎవరమూ మాట్లాడలేదు.

ఊరికి తిరిగివచ్చిన తరువాత ఆ ధ్వనిముద్రణను ఒక వృద్ధ మేస్త్రీకి వినిపించినాను. ఆయన కన్నులు మూసుకొని విని, "మీరు ముచ్చట్లల్ల పడ్డరు సార్. అది రెండు నిమిషాల నుండి చెప్తనే ఉన్నది" అన్నాడు. మళ్ళీ విన్నాను. నిజమే. మోటారు గొంతు క్రమంగా బరువెక్కి, మెల్లగిల్లి, తరువాతనే ఆగింది. ధ్వనితో జీవనం సాగించే నేను ఆ మార్పును వినలేదు. పాత మోటారు చెప్పకుండా ఆగదు. దాని మాట వినే అలవాటే కొనుగోలుకూ పోషణకూ మూలసూత్రం.

ఈ యంత్రం చరిత్ర పెద్దది కాదు. అమెరికాలోని మిల్వాకీ నగరంలో ఓలే ఎవిన్‌రూడ్ అనే నార్వే దేశస్థుడు 1909 ప్రాంతంలో ఒకటిన్నర అశ్వశక్తి గల మోటారును తయారుచేసి అమ్మనారంభించినాడు. జపానులో యమహా సంస్థ 1960 లో తన మొదటి పడవ మోటారును తెచ్చింది. విశేషమేమంటే, శతాబ్దానికి పైగా సాగిన ఎవిన్‌రూడ్ మోటార్ల తయారీ 2020 లో నిలిచిపోయింది. కాబట్టి పేరు ఎంత గొప్పదైనా, దాని విడిభాగాలు మనకు అందుబాటులో ఉన్న పట్టణంలో దొరుకుతాయా లేదా అని విచారించిన తరువాతనే బేరానికి దిగవలె. చవకగా వచ్చిన మోటారుకు చిన్న రబ్బరు ముక్క దొరకక, అది ఇంటి మూల చేరిన ఉదాహరణలు కలవు.

దీని నిర్మాణం స్థూలంగా మూడు భాగాలు. పైన ఇంజను, నడుమ పొడవైన కాడ, అడుగున గేర్ల పెట్టె, పంకా. కారు ఇంజనును చల్లబరచడానికి రేడియేటరు ఉంటుంది. సాధారణంగా పడవ మోటారుకు నదియే రేడియేటరు. కాడ అడుగున రబ్బరు రెక్కలు గల చిన్న చక్రం ఒకటి తిరుగుతూ నీటిని పైకి తోడుతుంది. దానిని ఇంపెల్లరు అంటారు. ఆ నీరు ఇంజను చుట్టూ తిరిగి బయటకు పోతుంది. అందులో కొంత భాగం వెనుక వైపున సన్నని ధారగా కనిపిస్తుంది. ఆ ధార మోటారుకు నాడి. అది పలుచబడినా, ఆగినా, మోటారును వెంటనే ఆపవలె. అన్నదమ్ముల పడవలో జరిగినది అదే. మోటారు చాలాకాలం వాడకుండా పడి ఉన్నందున ఇంపెల్లరు రెక్కలు గట్టిబడి విరిగినవి, నీరు ఎక్కలేదు, ఇంజను వేడెక్కి పిస్టను పట్టుకొనిపోయింది. కొద్ది ధరలో వచ్చే రబ్బరు చక్రం మార్చనందుకు, మోటారు ఖరీదులో సగం మరమ్మతుకు పోయింది.

ఇక కొనుగోలు విషయం. అమ్మేవానితో, "నేను వచ్చేవరకు మోటారును నడపవద్దు" అని ముందే చెప్పవలె. వెళ్ళగానే ఇంజను పైభాగాన్ని చేతితో తాకి చూడండి. వెచ్చగా ఉంటే, చల్లని ఇంజను సులభంగా అందుకోదన్న సంగతిని దాచడానికి ముందుగా నడిపి ఉంచినారేమోనని అనుమానించవచ్చును. తరువాత స్పార్కు ప్లగ్గులు తీయించి చూడవలె. గోధుమరంగులో, పొడిగా ఉండడం మంచి లక్షణం. సిలిండర్ల కంప్రెషనును గేజితో కొలిపించవలె. రెండు సిలిండర్లు ఉన్నప్పుడు వాటి అంకెలు ఒకదానికొకటి దగ్గరగా ఉండవలె. పదిహేను శాతాన్ని మించిన తేడా కనిపిస్తే ఆ బేరం వదులుకోవడమే మేలు.

అటుపిమ్మట గేర్ల పెట్టె అడుగు మరను కొద్దిగా వదులు చేసి నాలుగు చుక్కల నూనె వ్రేలిమీదికి తీసుకోండి. నూనె పాలవలె తెల్లగా ఉంటే లోనికి నీరు చేరినదన్నమాట. ఇనుప రజను మెరిస్తే గేర్లు అరిగినవన్నమాట. చివరగా పెద్ద డ్రమ్ములో నీరు నింపి, మోటారును అందులో దించి కనీసం పావుగంట నడిపించవలె. మోటారును పొడిగా నడిపించి చూపితే ఒప్పుకోకండి. నీరు లేక తిరిగిన కొద్ది క్షణాలలోనే ఇంపెల్లరు చెడుతుంది. బిగింపు పట్టీపై ఉండే క్రమసంఖ్య చెరిపివేసి ఉన్నదేమో చూడండి. రశీదు వ్రాయించుకొనక డబ్బు ఇవ్వకండి. దొంగసొత్తు కొన్నవాడు సొమ్మూ పోగొట్టుకొంటాడు, పరువూ పోగొట్టుకొంటాడు.

మోటారు మంచిదైనంత మాత్రాన మన పడవకు తగినదని అర్థం కాదు. కాడ పొడవులో సాధారణంగా 15 అంగుళాలది, 20 అంగుళాలది అని రెండు రకాలు కలవు. పడవ వెనుక పలక ఎత్తును కొలిచి ఎన్నుకోవలె. పంకాకు పైన ఉండే అడ్డపు రేకు పడవ అడుగుతో ఇంచుమించు సమానంగా ఉండవలె. కాడ పొట్టిదైతే పంకా గాలిని కోస్తుంది, పొడవైతే ఇసుకను తవ్వుతుంది. గుండ్రని పుట్టికి, థర్మోకోలు తెప్పకు మోటారు పనికిరాదు. మోటారు బరువును, కుదుపును మోయగల గట్టి వెనుక పలక ఉన్న పడవకే అది శోభిస్తుంది. యంత్రం తగిలించిన పడవకు చట్టరీత్యా బాధ్యతలు కూడా ఉన్నవి. 1917 నాటి చట్టం స్థానంలో పార్లమెంటు 2021 లో అంతర్దేశీయ నౌకల చట్టం చేసింది. కడెం ప్రాంతం కవ్వాల్ అభయారణ్యానికి ఆనుకొని ఉన్నది. ఎక్కడ ఏ అనుమతి కావలెనో కొనకముందే విచారించడం ఉత్తమం.

ఖర్చు లెక్క కూడా ముందే వేసుకోవలె. పది అశ్వశక్తుల రెండు స్ట్రోకుల మోటారు పూర్తి వేగంతో నడిస్తే గంటకు సుమారు నాలుగు లీటర్ల పెట్రోలు త్రాగుతుంది. పాత రకం మోటార్లలో అందులో నాలుగవ వంతు వరకు కాలకుండానే నీటిపాలు కావచ్చును. చేయి చాచినంత దూరంలో చేపలు దొరికేవానికి మోటారు అనవసరమైన అప్పు. దూరం వెళ్ళవలసినవానికే అది లాభసాటి.

ఇంటికి వచ్చిన మోటారును కాపాడుకొనే విధానం చూద్దాము. రెండు స్ట్రోకుల ఇంజనుకు నూనెను పెట్రోలులోనే కలపవలె. 50 పాళ్ళకు ఒక పాలు అని ఉన్నప్పుడు ఐదు లీటర్ల పెట్రోలుకు 100 మిల్లీలీటర్ల నూనె. 25 పాళ్ళకు ఒకటి అడిగే పాత మోటారుకు 200. అంచనా పనికిరాదు, కొలత గిన్నె ఉండవలె. నేడు మన పెట్రోలులో ఇరవై శాతం వరకు ఇథనాలు కలుస్తున్నది. ఇథనాలు గాలిలోని తేమను పీల్చుకొంటుంది, పాత రబ్బరు గొట్టాలను మెత్తబరుస్తుంది. అందుచేత నెలల తరబడి నిలవ ఉన్న పెట్రోలు వాడరాదు. పాత గొట్టాలను తొలి నెలలోనే మార్చివేయవలె.

సముద్రంలో ఉప్పు శత్రువు. గోదావరిలో ఒండ్రు శత్రువు. వానకాలపు ఎర్రనీటిలోని సన్నని ఇసుక ఇంపెల్లరును అరగదీస్తుంది. నాచు నీటి రంధ్రాలను మూస్తుంది. పని ముగిసిన ప్రతిసారీ తేట నీటి డ్రమ్ములో కొద్ది నిమిషాలు నడిపించి కడగడం, ఇంపెల్లరును ఏటేటా మార్చడం అలవాటు చేసుకోవలె. జాలరులకు ప్రత్యేకంగా మరొక హెచ్చరిక. తెగిన వల దారం పంకా వెనుక ఇరుసుకు చుట్టుకొని, లోపలి సీలును కోసివేస్తుంది. అప్పుడే గేర్ల నూనెలోకి నీరు చేరుతుంది. కాబట్టి వారానికొకసారి పంకా విప్పి దారపు పోగులను తొలగించవలె. చిన్న మోటార్లలో పంకాకు ఒక మెత్తని పిన్ను ఉంటుంది. రాయి తగిలినప్పుడు అది విరిగి గేర్లను రక్షిస్తుంది. విరిగిన పిన్నుకు బదులు గట్టి ఉక్కు మేకు బిగించేవారున్నారు. మేకు విరగదు, గేర్లు విరుగుతాయి.

మోటారు నీటిలో మునిగితే రేపు చూద్దామని ఉంచరాదు. ఆ రోజే తేటనీటితో కడిగి, ప్లగ్గులు తీసి నీటిని వంచివేసి, సిలిండర్లలో కొద్దిగా నూనె పోసి, చేతితో త్రిప్పవలె. పని లేని మాసాలలో పెట్రోలు ఖాళీ చేసి, నిటారుగా నిలబెట్టి, నెలకొకసారి తాడు మెల్లగా లాగవలె.

మన నీళ్ళ స్వభావాన్ని మరువరాదు. 1958 లో కడెం కట్టపై నుండి వరద పొర్లి గండి పడింది. 2022 జూలైలో ఆ జలాశయానికి ఐదు లక్షల క్యూసెక్కులు దాటిన వరద వచ్చింది. గేట్లు ఎత్తిన రోజున, ఎగువ నుండి నీరు వదిలిన రోజున ఎంత శక్తి గల మోటారైనా నమ్మదగినది కాదు. అటువంటి రోజున పడవ ఒడ్డుననే ఉండవలె. మిగిలిన రోజులలో కూడా రెండు తెడ్లు, ఒక్కొక్కరికి ఒక రక్షణ చొక్కా, పొడవైన తాడు, అదనపు ప్లగ్గు, పిన్ను, ప్లాసు లేకుండా బయలుదేరరాదు. మోటారును ఆపే తాడును నడిపేవాడు నడుముకు గాని, మణికట్టుకు గాని తగిలించుకోవలె. అతడు జారి పడితే యంత్రం తానుగా ఆగుతుంది.

ఆ అన్నదమ్ములను మరుసటి ఏడు మళ్ళీ కలిసినాను. మరమ్మతు అప్పు తీర్చడానికి వారికి ఒక చేపల కారంతా పట్టింది. పడవలో అదే మోటారు ఉన్నది, ఇప్పుడు రెండు తెడ్లు కూడా ఉన్నవి. రికార్డరు తీయబోతే తమ్ముడు చేయి అడ్డుపెట్టి, "జర ఆగు సార్, ముందుగాల ధార సూడనియ్యి" అన్నాడు. వెనుకకు వంగి చూసినాడు. నీరు సన్నగా, తెగకుండా పడుతున్నది. అప్పుడు తల ఊపి, ఇక మాట్లాడవచ్చునన్నాడు.