కంప్యూటర్‌లో సంఘం లెక్కలు: మేము పడ్డ తిప్పలు, నేర్చుకున్న పనులు

(సమాఖ్య సర్వసభ్య సమావేశంలో ఒక సంఘ లీడర్ చేసిన ప్రసంగం)



ఇంట్లో ఉన్న కంప్యూటర్‌ని సంఘం పనికి ఎలా వాడుకుంటున్నారో చెప్పమని మమ్మల్ని పిలిచారు. మేము చదివింది పదో తరగతి. ఏ కోర్సూ చేయలేదు. మా రెండో లీడర్ గారి అబ్బాయి ఉద్యోగానికి వెళ్తూ తన పాత కంప్యూటర్ ఇంట్లో వదిలేసి వెళ్లాడు. కొన్నాళ్లు దాని మీద దుప్పటి కప్పి, ఆ పైన మడతపెట్టిన బట్టలు పెట్టేవాళ్లు. తర్వాత అబ్బాయి పండక్కి వచ్చినప్పుడు లిబ్రే ఆఫీస్ అనే సాఫ్ట్‌వేర్ ఎక్కించి, అందులో కాల్క్ అనే గళ్ల పుస్తకం చూపించాడు. దానికి డబ్బు కట్టక్కర్లేదు, దొంగ కాపీ అన్న భయం లేదు. ఎక్సెల్ తెలిసిన వాళ్లకి ఇది కొత్తగా ఉండదు. ఆ రోజు నుంచి పొదుపు, అప్పు, వాయిదాలు అందులో ఎక్కించడం మొదలుపెట్టాం.

ముందుగా మా తప్పు చెప్పుకోవాలి. అది చెప్పకుండా మిగతావి చెబితే మీకు ఉపయోగం ఉండదు.

మా సంఘంలో ఒక పెద్దక్క ఉంది. ఇడ్లీ బండి పెట్టుకుని బతుకుతుంది. సంఘం సొంత నిధి నుంచి 12,000 రూపాయలు అప్పు తీసుకుంది. నెలకు 1,200 చొప్పున 10 వాయిదాలు, వడ్డీ వేరే. పదో వాయిదా కట్టి, "నా అప్పు తీరిపోయింది, ఈసారి గ్రైండర్‌కి పెద్ద అప్పు రాయండమ్మా" అని అడిగింది. మేము కంప్యూటర్ తీసి చూస్తే ఇంకా 2,400 బాకీ అని ఉంది. అక్క కట్టానంటుంది, కంప్యూటర్ కట్టలేదంటోంది. అందరిలో మేము అన్న మాట ఏంటంటే, "అక్కా, కంప్యూటర్ లెక్క తప్పదు కదా, నువ్వే మర్చిపోయి ఉంటావు" అని.

అక్క పాస్‌బుక్ తీసింది. ఆ రెండు నెలలు అందులో ఖాళీగా ఉన్నాయి. ఎందుకంటే కంప్యూటర్ వచ్చాక ఆ రెండు నెలలు మేమే పాస్‌బుక్కులు రాయడం మానేశాం. రెండు చోట్ల రాయడం దండగ అనుకున్నాం. మినిట్స్ బుక్‌లో కూడా మొత్తం ఎంత వచ్చిందో రాశాం గానీ ఎవరు ఎంత కట్టారో రాయలేదు. అంటే అక్క దగ్గర సాక్ష్యం లేకుండా చేసింది మేమే. ఆమె ఏమీ అనలేదు. తర్వాత రెండు సమావేశాలకు రాలేదు. పొదుపు డబ్బులు మనవరాలి చేత పంపించింది.

ఈ సంగతి తేల్చుకోవాలని ఒక ఆదివారం ఆమె ఇంటికి వెళ్లి బతిమాలి కంప్యూటర్ దగ్గరికి తీసుకొచ్చాం. ఆమెకు అక్షరాలు రావు, అంకెలు బాగా వచ్చు. తన వాయిదాల వరస పైనుంచి కింద దాకా వేలు పెట్టి చూసుకుంటూ, "అమ్మాయ్, ఈ రెండూ ఇటు పక్కకి ఎందుకు జరిగాయి?" అని అడిగింది. చూస్తే ఎనిమిది అంకెలు గడిలో కుడి వైపుకు ఆనుకుని ఉన్నాయి. రెండు మాత్రం ఎడమ వైపు ఉన్నాయి. ఆ రెండు చోట్ల 1200 అని కాకుండా, మనం చీటీల మీద రాసుకునే అలవాటు ప్రకారం చివర గీత, అడ్డగీత పెట్టి 1200/- అని కొట్టాం.

విషయం ఏమిటంటే, గడిలో ఉత్త అంకెలు ఉంటేనే కంప్యూటర్ దాన్ని సంఖ్యగా చూస్తుంది. పక్కన గీత ఉన్నా, రూ. అని అక్షరాలు ఉన్నా దాన్ని మాటగా చూస్తుంది. మాటల్ని కూడదు. తప్పు అని చెప్పదు, అరవదు, దాన్ని వదిలేసి మిగతావి కూడి మొత్తం చూపిస్తుంది. అందుకే ఆ రెండు వాయిదాలు అప్పులోంచి తగ్గలేదు. గీతలు తీసేయగానే బాకీ సున్నా అయింది.

తర్వాతి సమావేశంలో అందరి ముందూ అక్కకు క్షమాపణ చెప్పి, తప్పు మాది అని మినిట్స్ బుక్‌లో రాసి సంతకాలు పెట్టాం. గ్రైండర్ అప్పు కూడా అప్పుడే తీర్మానం చేశాం. ఆమె మనసులో ఎంత బాధ మిగిలిందో మేము చెప్పలేం. ఇప్పుడు సమావేశాలకు వస్తోంది. వచ్చినప్పుడల్లా తన వరస తనే చూసుకుని గానీ కదలదు. మేము కూడా అందరికీ అదే చెబుతున్నాం.

ఇక పనికొచ్చే సంగతులు. ముందు లెక్కల గురించే చెబుతాం, ఎందుకంటే అక్కడే మనం మనుషుల్ని అనుమానించేది.

అంకె కుడి వైపు ఉందా, ఎడమ వైపు ఉందా అని కళ్లతో వెతకక్కర్లేదు. కాల్క్‌లో కంట్రోల్ నొక్కి పట్టి ఎఫ్8 కొట్టండి. సంఖ్యలు నీలం రంగులోకి, లెక్క సూత్రాలు ఆకుపచ్చలోకి మారతాయి, మాటలు నల్లగానే ఉంటాయి. డబ్బుల వరసలో నల్లగా ఏది కనిపించినా అక్కడ ఆగి చూడండి. మళ్లీ అదే కొడితే మామూలుగా అయిపోతుంది. మేము నెల చివర మొత్తం రాసే ముందు ఇది చేయకుండా ఉండం.

రెండోది, కొత్త సభ్యురాలు చేరినప్పుడు. మొత్తం వేసే సూత్రం ఒకటో వరస నుంచి పదో వరస దాకా అని రాసి ఉంటే, పదకొండో మనిషిని దాని కింద చేర్చినప్పుడు ఆమె పొదుపు మొత్తంలోకి రాకుండా పోవచ్చు. దీనికి మేము కనిపెట్టిన తేలిక ఉపాయం, మొత్తం వరసకు పైన ఒక ఖాళీ వరస వదిలి, సూత్రంలో ఆ ఖాళీని కూడా కలపడం. కొత్తవాళ్లను ఎప్పుడూ ఆ ఖాళీకి పైన కొత్త వరస పెట్టి ఎక్కిస్తాం. చుట్టం వస్తాడని పీట వేసి ఉంచినట్టు.

బ్యాంకు ఖాతా నంబర్లకు మాత్రం దీనికి పూర్తిగా తిరగబడ్డ పద్ధతి. అవి కూడేవి కావు కాబట్టి వాటిని మాటలుగానే పెట్టాలి. మామూలుగా కొడితే ముందున్న సున్నాలు ఎగిరిపోతాయి. 15 అంకెలు దాటిన నంబర్ అయితే ఆ తర్వాతి అంకెలు సున్నాలుగా మారిపోవచ్చు. అందుకని ఎక్కించక ముందే ఆ నిలువు వరస మొత్తం ఎంచుకుని, ఫార్మాట్ సెల్స్‌లోకి వెళ్లి టెక్స్ట్ అని మార్చండి. ముందే చేయాలి. పోయిన అంకెలు తర్వాత మారిస్తే తిరిగి రావు.

తేదీలతో కూడా మేము ఒకసారి బోల్తా పడ్డాం. కంప్యూటర్ అమెరికా పద్ధతిలో ఉంటే ముందు నెల, తర్వాత రోజు అనుకుంటుంది. మనం జూన్ 5 అని 5/6 కొడితే అది మే 6 అనుకుంటుంది. వడ్డీ నెల మారిపోతుంది. సెట్టింగ్స్‌లో రీజియన్ దగ్గర ఇండియా అని, లిబ్రే ఆఫీస్‌లో లాంగ్వేజ్ సెట్టింగుల్లో లొకేల్ దగ్గర ఇంగ్లిష్ ఇండియా అని పెట్టుకుంటే ఈ బాధ ఉండదు.

కరెంటు సంగతి మీకు చెప్పేదేముంది. గంటసేపు ఎక్కించిన లెక్క ఒక్క క్షణంలో పోతుంది. పొయ్యి మీద పాలు పెట్టినప్పుడు ఎలా కన్ను వేసి ఉంచుతామో, అలాగే రెండు మూడు వరసలు కొట్టగానే కంట్రోల్, ఎస్ కొట్టడం చేతికి అలవాటు చేసుకోండి. లిబ్రే ఆఫీస్ కొన్ని నిమిషాలకోసారి తనంతట తానే ఒక కాపీ దాస్తుంది. టూల్స్, ఆప్షన్స్‌లో లోడ్/సేవ్ దగ్గర ఆ నిమిషాలు తగ్గించుకోవచ్చు, మేము 5 పెట్టుకున్నాం. పొరపాటున ఏదైనా చెరిపేస్తే కంగారు పడి ఇంకేదో నొక్కకండి. కంట్రోల్, జెడ్ కొడితే వెనక్కి వస్తుంది.

కంప్యూటర్ ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. మేము రెండు పెన్‌డ్రైవ్‌లు పెట్టుకున్నాం. ఒకటి కంప్యూటర్ ఉన్న ఇంట్లో, ఇంకోటి వేరే వీధిలో కోశాధికారి గారి ఇంట్లో. ఒకే ఇంట్లో రెండూ ఉంటే వాన నీళ్లొచ్చినా, దొంగలొచ్చినా రెండూ పోతాయి. ఫైల్ పేరు మార్చకుండా పాతదాని మీదే సేవ్ చేస్తే పాత తప్పు పట్టుకోలేం. అందుకే ప్రతి నెలా కొత్త పేరుతో, ముందు సంవత్సరం, తర్వాత నెల అంకె వేసి దాచుతాం. అలా పెడితే ఫైళ్లు వాటంతట అవే వరసలో నిలబడతాయి.

తెలుగు టైపింగ్ గురించి చాలామంది అడిగారు. మేము ఒకసారి తీర్మానాలు బజారులో డీటీపీ షాపులో కొట్టించి పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకున్నాం. ఇంట్లో తెరిస్తే తెలుగు లేదు, పిచ్చి గుర్తులు. షాపు వాళ్లు అను ఫాంట్లలో కొట్టారట. ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో అది చదవడం కుదరదు. అందుకని బయట కొట్టించేటప్పుడు "యూనికోడ్‌లో కొట్టండి" అని ముందే అడగండి. యూనికోడ్ తెలుగు అయితే ఫోన్లో, వాట్సాప్‌లో, ఏ కంప్యూటర్‌లోనైనా ఒకేలా చదువుకోవచ్చు.

మనం కొట్టుకోవాలంటే విండోస్ 10, 11లో భాషల సెట్టింగ్‌లోకి వెళ్లి తెలుగు చేర్చి, అందులో తెలుగు ఫొనెటిక్ అనే కీబోర్డ్ పెట్టుకోండి. ఇంగ్లిష్ అక్షరాలతో amma అని కొట్టినట్టు ఏ, ఎం, ఎం, ఏ కొడితే అమ్మ వస్తుంది. విండోస్ బొమ్మ ఉన్న మీట నొక్కి పట్టి స్పేస్ కొడితే ఇంగ్లిష్‌కి, తెలుగుకి మారుతుంది. అక్షరాలు అందంగా కావాలంటే మండలి, రామభద్ర, సురన్న లాంటి యూనికోడ్ ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి. వేళ్లు ఆడని వాళ్లు ఫోన్లో గూగుల్ డాక్స్ తెరిచి మైకు నొక్కి తెలుగులో మాట్లాడండి, అదే రాసుకుంటుంది. అదే ఖాతాతో కంప్యూటర్‌లో తెరిచి తప్పులు దిద్దుకోవచ్చు. మనుషుల పేర్లు, ఊరి పేర్లు మాత్రం తప్పకుండా చూసుకోండి, అది విన్నట్టు రాస్తుంది. ఈ ప్రసంగం కూడా సగం అలా మాట్లాడి రాసుకున్నదే.

ఎవరికైనా లెక్క పంపేటప్పుడు గళ్ల ఫైల్ పంపకండి. పీడీఎఫ్‌గా మార్చి పంపండి. లిబ్రే ఆఫీస్‌లో ఫైల్ దగ్గరే ఎక్స్‌పోర్ట్ యాజ్ పీడీఎఫ్ అని ఉంటుంది. అవతలి వాళ్ల ఫోన్లో వేలు తగిలి అంకె మారిపోతుందన్న భయం ఉండదు.

సభ్యుల ఆధార్ నంబర్లు, ఖాతా నంబర్లు ఉన్న ఫైల్‌కి పాస్‌వర్డ్ పెట్టండి. సేవ్ యాజ్ చేసేటప్పుడు సేవ్ విత్ పాస్‌వర్డ్ అని చిన్న గడి ఉంటుంది, టిక్ పెట్టాలి. ఆ పాస్‌వర్డ్ మర్చిపోతే మనం కూడా తెరవలేం. మేము కాగితం మీద రాసి కవర్లో అంటించి క్యాష్ బాక్స్‌లో పెట్టాం.

ఇంట్లో పిల్లలు గేములు ఆడతారు, ఆడొద్దంటే వినరు. వాళ్లకి విండోస్‌లోనే వేరే యూజర్ ఖాతా చేసి ఇవ్వండి, అందులో అడ్మినిస్ట్రేటర్ అధికారం ఇవ్వకండి. అప్పుడు వాళ్లు ఏదైనా ఎక్కించబోతే చాలా వాటికి మన పాస్‌వర్డ్ అడుగుతుంది. యాంటీ వైరస్ కొనమని ఎవరైనా అంటే ముందు ఆగండి. విండోస్‌తో పాటు డిఫెండర్ అనేది ఉచితంగానే వస్తుంది, మన ఇంటి వాడకానికి అది సరిపోతోంది. బయట నెట్ సెంటర్‌లో పెట్టిన పెన్‌డ్రైవ్‌ని తెరవక ముందు దాని మీద రైట్ క్లిక్ చేసి స్కాన్ చేయండి. పెన్‌డ్రైవ్‌లో ఫైళ్లన్నీ షార్ట్‌కట్‌లుగా కనిపిస్తే వాటిని నొక్కవద్దు. చాలాసార్లు అసలు ఫైళ్లు పోవు, దాగి ఉంటాయి. తెలిసిన వాళ్లకు చూపించండి.

ఇంకొకటి గట్టిగా చెప్పాలి. నెట్ చూస్తుండగా స్క్రీన్ అంతా ఎర్రగా అయిపోయి, "మీ కంప్యూటర్‌కి వైరస్ పట్టింది, ఈ నంబర్‌కి ఫోన్ చేయండి" అని వస్తుంది. మా రెండో లీడర్ గారికి వచ్చింది, ఆమె ఫోన్ కూడా చేసింది. అవతలి మనిషి మర్యాదగా "మేడమ్, ఒక యాప్ ఎక్కించండి, మేము ఇక్కడి నుంచే బాగు చేస్తాం" అన్నాడట. అలాంటి యాప్ ఎక్కించామంటే మన స్క్రీన్ వాడి చేతిలో పెట్టినట్టే. ఆమె కోడలు వచ్చి మీట ఆపేసింది కాబట్టి సరిపోయింది. అలా వచ్చినప్పుడు ఆల్ట్ నొక్కి పట్టి ఎఫ్4 కొట్టండి. పోకపోతే కంప్యూటర్ ఆపేసి మళ్లీ వేయండి. ఎప్పుడైనా డబ్బు పోతే సిగ్గుపడి దాచుకోకుండా వెంటనే 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చేస్తే డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ.

కళ్లు సరిగా కనిపించని పెద్దవాళ్ల కోసం ఒక మాట. కంట్రోల్ నొక్కి పట్టి మౌస్ చక్రం తిప్పితే అంకెలు పెద్దవి అవుతాయి. ఆ రోజు ఇడ్లీ బండి అక్కకి అలా పెద్దవి చేసి చూపించాం కాబట్టే ఆమెకు ఆ తేడా కనిపించింది.

ఇప్పుడు మేము పాస్‌బుక్కులు మళ్లీ రాస్తున్నాం. సమావేశంలో ముందు పుస్తకం, సంతకం, ఆ తర్వాత ఇంటికి వెళ్లి కంప్యూటర్. నెలకోసారి రెండూ పక్కపక్కన పెట్టి ఒకరు చదువుతుంటే ఇంకొకరు టిక్ పెడతారు. గంటన్నర పడుతుంది. ఇంకా కంప్యూటర్ ఎందుకు అని మీరు అడగొచ్చు. వడ్డీ లెక్కలు, బ్యాంక్ లింకేజీ కాగితాలు, ఆడిట్‌కి ఇచ్చే పట్టికలు అంతకు ముందు రాత్రులు కూర్చుని రాసేవాళ్లం, ఇప్పుడు ఒక పూటలో అయిపోతున్నాయి.

మేము వాడే ఖాళీ లెక్కల ఫైల్ కావాలన్న వాళ్లు భోజనాల తర్వాత మా దగ్గరికి రండి, లాప్‌టాప్ అడిగి తెచ్చాం. పెన్‌డ్రైవ్ ఇస్తే ఎక్కించి ఇస్తాం. పెట్టగానే ముందు స్కాన్ చేస్తాం, ఏమీ అనుకోకండి.